క్యూబెక్ ఇంటిపేర్లలోని ‘ది’ని తెలుగులో ఏమని రాయాలి?

ప్రశ్న: మా కోడలిది కెనడాలోని క్యూబెక్. వాళ్ల పూర్వికులు 17వ శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఆ వంశవృక్షాన్ని మనుమల కోసం తెలుగులో రాస్తున్నాను. పాత రికార్డుల్లో రెండు ఇంటిపేర్ల మధ్య ‘ది’ (dit) అని వస్తోంది. దాన్ని ‘అలియాస్’ అనవచ్చా?

జవాబు: అలియాస్ వద్దండి. మన చెవికి అది పోలీసు రికార్డుల మాట. దస్తావేజుల్లో కనిపించే ‘ఉరఫ్’ కొంత నయమే గాని, అదీ ఒక మనిషికే చెల్లుతుంది. ఫ్రెంచిలో ‘ది’ అంటే ‘అనబడే’ అని అర్థం. స్త్రీల పేర్లలో ‘దిత్’ అవుతుంది. దాని తర్వాత వచ్చే పేరు తరచూ పిల్లలకూ సంక్రమించేది. అంటే అది రెండో ఇంటిపేరు.

ఇలాంటి పేర్లు చాలావరకు సైన్యం నుంచి వచ్చాయి. 1665లో న్యూ ఫ్రాన్సుకు (క్యూబెక్ అప్పుడు భాగంగా ఉన్న ఫ్రెంచి వలస రాజ్యం) వచ్చిన కారిన్యాన్-సాలియేర్ దళంలో సుమారు 1200 మంది ఉంటే, దాదాపు 400 మంది అక్కడే ఉండిపోయారు. వాళ్లతోపాటు లాఫ్లర్ (పువ్వు), సాన్‌సూసీ (చింతలేనివాడు) వంటి సైనిక నామాలూ ఊళ్లలో స్థిరపడ్డాయి. పుట్టిన సీమను బట్టి వచ్చినవీ ఉన్నాయి: ఆంజూ నుంచి వచ్చినవాడు లాంజ్‌వాన్. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పియేర్ మివిల్‌ను ‘ది ల స్విస్’ అన్నారు. ఆయన కొడుకు జాక్ ‘మివిల్ ది దెషేన్’ అయ్యాడు. తండ్రీకొడుకులకే ‘ది’ పేర్లు వేరన్నమాట! ఆ సంతతిలో నేడు మివిల్‌లూ ఉన్నారు, దెషేన్‌లూ ఉన్నారు. అందుకే ఏ మనిషినైనా రెండు పేర్ల కిందా వెతకాలి.

ప్రశ్న: పెళ్లితో ఆడవాళ్ల ఇంటిపేరు మారిపోతుంది కదా, తల్లుల వైపు ఎలా వెతకాలి?

జవాబు: న్యూ ఫ్రాన్సులో చర్చి పుస్తకాలూ నోటరీ పత్రాలూ స్త్రీని పుట్టింటి పేరుతోనే రాశాయి. వివాహ నమోదులో మామూలుగా వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి, తల్లి పుట్టింటి పేరుతో సహా. ఒక పెళ్లి నుంచి దాని ముందరి తరం పెళ్లికి అలా వెనక్కి నడవవచ్చు. 1663-1673 మధ్య పెళ్లి చేసుకుని స్థిరపడేందుకు ఫ్రాన్సు రాజు ఖర్చుతో వచ్చిన సుమారు 800 మంది యువతుల (వాళ్లను ‘రాజు కుమార్తెలు’ అంటారు) దాకా ఎంతోమంది ఇలాగే చేరుకుంటున్నారు. మన వంశావళుల్లో మగవాళ్ల పేర్లే వరుసగా ఉండి, కోడలు ఏ ఇంటి ఆడపడుచో రాయకపోవడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. మీరు మాత్రం రాయండి, దయచేసి.

పూర్వికుల్లో ఎవరైనా అమెరికాకు వలస వెళ్లి ఉంటే మరో చిక్కు. అక్కడ రువా (రాజు) కింగ్ అయ్యాడు, బువావెర్ (పచ్చని అడవి) గ్రీన్‌వుడ్ అయ్యాడు.

మరొకరు: యానాం వైపు వెతికేవారికి ఒక మాట. 1881 సెప్టెంబర్ 21 నాటి శాసనం కింద ఫ్రెంచి ఇండియాలో తమ ఆచార న్యాయాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించిన భారతీయులు ఇంటిపేరు ఎంచుకోవాల్సి వచ్చింది. కొందరు ఫ్రెంచి పేర్లే తీసుకున్నారు. కాబట్టి పేరు ఫ్రెంచిదని పూర్వికులు ఫ్రాన్సు నుంచి ఓడ దిగారనుకోకూడదు.

ప్రశ్న: అయితే వంశవృక్షంలో చివరికి ఏమని రాయను?

జవాబు: ‘ది’ అనే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట ‘అనబడే, రెండో ఇంటిపేరుకు ముందు వచ్చే మాట’ అని వివరణ ఇవ్వండి. చివర పేర్ల పట్టికలో మాత్రం మివిల్‌ను ‘మ’ కిందా, దెషేన్‌ను ‘ద’ కిందా విడివిడిగా చూపండి.