పీఏ స్కూల్ ఇంటర్వ్యూ అయి ఏడు వారాలు, ఇంకా ఉలుకూ పలుకూ లేదు. మీకెలా జరిగిందో చెప్పండి

గుంటూరు_బీడీఎస్ | నవంబర్ 9, రాత్రి 10:12

అందరికీ నమస్కారం అండి. గుంటూరులో బీడీఎస్ చేసి, పెళ్లయ్యాక ఒహాయో వచ్చాను. ఇద్దరు చిన్నపిల్లలతో ఇక్కడ మళ్ళీ డెంటల్ మొదలుపెట్టడం కుదరక పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్, డాక్టర్లతో కలిసి పేషెంట్లని చూసే ఉద్యోగం) వైపు వచ్చాను. పోయినేడాదే గ్రీన్ కార్డ్ వచ్చింది. కాస్పా (పీఏ స్కూళ్లకి ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్) తెరిచిన నెలలోనే తొమ్మిది స్కూళ్లకి అప్లై చేశా. ఆరు కాదన్నాయి, రెండు ఏమీ చెప్పలేదు, ఒక్కటి ఇంటర్వ్యూకి పిలిచింది. సెప్టెంబర్ 19న వెళ్లొచ్చాను. మే నెలలో మొదలయ్యే బ్యాచ్.

పోర్టల్లో ఇప్పటికీ "నిర్ణయం పెండింగ్" అనే ఉంది. నిన్న బాబుకి పప్పన్నం కలుపుతుంటే మెయిల్ మోగింది. ఎంగిలి చేత్తోనే ఫోన్ తీశాను. చెప్పుల షాపు కూపన్. ఎందుకో ఏడుపొచ్చేసింది.

నేను అడగదలుచుకున్నవి: ఇంటర్వ్యూ తర్వాత మీకు ఎన్నాళ్లకి చెప్పారు? ఈలోగా మనం మెయిల్ పెట్టొచ్చా? మైక్రోబయాలజీలో సీ ప్లస్ ఉంది, జనవరిలో మళ్ళీ తీసుకోనా? ఇంకోటి, నా 1,900 గంటల్లో 700 గంటలు స్క్రైబ్ పని, మిగతావి డెంటల్ అసిస్టెంట్‌గా చేసినవి. అన్నీ పీసీఈ (పేషెంట్లకి నేరుగా సేవ చేసిన అనుభవం) కిందే వేశాను. అదేమైనా దెబ్బకొట్టిందంటారా?

ఫిజియో_చార్లెట్ | నవంబర్ 9, రాత్రి 10:40

నాకు ఒక స్కూల్ నాలుగో రోజే ఫోన్ చేసింది, ఇంకోటి పదకొండో రోజు. రెండు సీట్లూ చేతిలో ఉన్నాయి, రెండింటికీ డిపాజిట్ కట్టేశా. విజయవాడలో బీపీటీ చేశా, ఇక్కడ ఫిజియోథెరపీ ఎయిడ్‌గా 4,200 గంటలు. నిజం చెప్పాలంటే సిస్టర్, ఏడు వారాలంటే మొదటి వరుసలో మీరు లేనట్టే. ఇంకో అప్లికేషన్ సైకిల్‌కి సిద్ధంగా ఉండండి.

ఈఆర్_పీఏ_14ఏళ్లు | నవంబర్ 9, రాత్రి 11:25

పద్నాలుగేళ్లుగా ఎమర్జెన్సీలో పీఏగా చేస్తున్నాను. మా దగ్గరి ప్రోగ్రామ్‌కి నాలుగేళ్లు ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చున్నాను. కాబట్టి ఊహించి చెప్పడం లేదు. స్క్రైబ్ పని పీసీఈ కాదమ్మా. డాక్టర్ చెప్పింది టైప్ చేయడం అది. పేషెంట్ ఒంటి మీద చెయ్యి వేశావా, మందు ఇచ్చావా, సూది గుచ్చావా అని చూస్తాం. ఆ 700 పీసీఈలో వేయడం పొరపాటు. డెంటల్ అసిస్టెంట్ గంటలకి ఢోకా లేదు.

వరంగల్_స్క్రైబ్ | నవంబర్ 9, రాత్రి 11:58

ఏం మాట్లాడుతున్నరు సార్? టైపింగ్ అంట! మూడేండ్లు నైట్ షిఫ్టులు చేసిన నేను, ఒక్కో రాత్రి పన్నెండు గంటలు. డాక్టర్ వెంబడి నడుసుకుంట, కంప్యూటర్ బండి తోసుకుంట, పొద్దుగాల అయిదింటికి కూడ చార్ట్‌ల ఒక్క అక్షరం తప్పు పోనియ్యలే. ఒకరోజు మన తెలుగు పెద్దమ్మ వచ్చింది, డెబ్బై దాటినయి. ట్యాబ్ తెర మీద దుబాసి (తర్జుమా చేసేటోడు) దొరికేలోపు "రొమ్ముల పట్టేసినట్టుంది, ఆయాసమొస్తుంది" అంటనే ఉన్నది. కొడుకేమో "గ్యాస్ అండి, రాత్రి పకోడీలు తిన్నది" అని ఇంగ్లిష్‌ల చెప్పిండు. దుబాసిగ చెప్పే హక్కు నాకు లేదు, తెల్సు. కానీ "సార్, కొడుకు చెప్పింది వేరే, ఆమె చెప్తుంది వేరే" అని డాక్టర్ చెవిన ఏసిన. ఈసీజీ తీస్తే గుండెపోటు. నేను ఆమె ఒంటి మీద చెయ్యి ఎయ్యలే, నిజమే. అయితే ఆ రాత్రి నేనేం చెయ్యనట్టేనా?

ఈఆర్_పీఏ_14ఏళ్లు | నవంబర్ 10, ఉదయం 6:05

మీరు చేసింది మంచి పని, అందులో వాదన లేదు. కానీ లెక్క లెక్కే. ఈ వృత్తి ఎక్కడ పుట్టిందో తెలుసుకోండి. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ మొదలుపెట్టినప్పుడు చేరిన నలుగురూ నేవీలో కోర్‌మన్‌లుగా (వైద్య సహాయకులుగా) పనిచేసి వచ్చినవాళ్లే. గాయాలు కట్టి, మందులిచ్చి చేతులు అలవాటు పడ్డవాళ్లకి రెండేళ్లలో మిగతా వైద్యం నేర్పొచ్చన్నది ఆయన ఆలోచన. వాళ్లలో ముగ్గురు 1967 అక్టోబర్ 6న పట్టా అందుకున్నారు. చేతిపని అడిగేది అందుకే.

వరంగల్_స్క్రైబ్ | నవంబర్ 10, ఉదయం 7:20

అరవై ఏండ్ల కిందటి ముచ్చట తెచ్చి మా మీద రుద్దుతున్నరు. మా బ్యాచ్ స్క్రైబ్‌లల్ల ఇద్దరు ఇప్పుడు పీఏ స్కూల్ల చదువుతున్నరు. మరి వాళ్లను ఎవరు తీస్కున్నరు?

రొటేషన్లో_ఉన్నా | నవంబర్ 10, ఉదయం 7:45

ఇద్దరూ ఆగండి. కాస్పా నిర్వచనంలో స్క్రైబ్ హెచ్‌సీఈ (పేషెంట్ బాధ్యత నేరుగా లేని ఆరోగ్యరంగ అనుభవం) జాబితాలో ఉంది, పక్కనే "చేసే పనిని బట్టి" అని కూడా ఉంది. చివరికి ఏ స్కూల్ లెక్క ఆ స్కూల్‌దే. కొన్ని పీసీఈగా తీసుకుంటాయి, కొన్ని సగమే లెక్కేస్తాయి, కొన్ని తీసి పక్కనపెడతాయి. గుంటూరు అక్కా, ఇంటర్వ్యూకి పిలిచారంటే మీ గంటలు చూసే పిలిచారు. దాని గురించి ఇక ఆలోచించకండి. ఒకసారి సబ్మిట్ చేశాక పాత ఎంట్రీ ఎలాగూ దిద్దలేరు, కొత్తది చేర్చగలరంతే.

మైక్రోబయాలజీ మళ్ళీ తీసుకున్నా కాస్పాలో పాత సీ ప్లస్ పోదు. రెండు గ్రేడ్లూ కలిపి లెక్కేస్తారు. మీ స్కూల్ కనీసం ఎంత అడుగుతోందో చూసుకోండి. సీ చాలంటే ఆ డబ్బులు దాచుకోండి.

డాలస్_అమ్మ | నవంబర్ 10, మధ్యాహ్నం 12:30

మా అమ్మాయి పీఏ అయి రెండేళ్లయింది. ఎదురుచూసిన రోజులు నాకు బాగా గుర్తు, ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. కానీ సీటు వస్తే కష్టాలు తీరిపోతాయనుకోకండి. సంబంధాలు చూస్తుంటే మొన్న ఒకావిడ ఏలూరు నుంచి ఫోన్ చేసి, "పీఏ అన్నారు, ఎవరికండీ పీఏ, ఎమ్మెల్యేకా?" అని అడిగింది. ఇంకొకరు "డాక్టర్ సీటు రాలేదా పాపం" అన్నారు. నా బిడ్డ డిగ్రీ తర్వాత 27 నెలలు నిద్రాహారాలు మాని చదివింది. పేషెంట్లని చూస్తుంది, మందులు రాస్తుంది, ఆపరేషన్లలో నిలబడుతుంది. బయోడేటాలో ఏమని రాయాలో ఎవరైనా చెప్పండి.

కడప_ఎంఏ | నవంబర్ 10, మధ్యాహ్నం 1:15

అమ్మా, "ఫిజీషియన్ అసోసియేట్" అని రాయండి. 2021 మే నెలలో వాళ్ల జాతీయ సంఘమే ఆ పేరు పెట్టుకోవాలని ఓటేసింది గదా. ఆ "అసిస్టెంట్" అనే మాట వల్లే మనకీ పరువు తక్కువ.

ఈఆర్_పీఏ_14ఏళ్లు | నవంబర్ 10, సాయంత్రం 6:50

చాలా రాష్ట్రాల్లో చట్టంలో ఇంకా పాత పేరే ఉంది. లైసెన్సు మీద ఏది ఉంటే అదే రాయాలి. పెళ్లి బయోడేటా అయినా సరే.

లెస్టర్_తెలుగు | నవంబర్ 10, రాత్రి 7:30

మా యూకేలో కథ అడ్డం తిరిగింది. మాకు చాలా ఏళ్లుగా అసోసియేట్ అనే పేరు. 2024 డిసెంబర్‌లో జీఎంసీ (డాక్టర్లని రిజిస్టర్ చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ మొదలైందని సంతోషపడ్డాం. 2025 జూలైలో లెంగ్ రివ్యూ (మా వృత్తి మీద ప్రభుత్వం వేయించిన సమీక్ష) వచ్చి, పేషెంట్లు డాక్టర్ అని పొరబడుతున్నారు, "అసిస్టెంట్" అని మార్చండి అంది. మీరు వదిలించుకోవాలనుకుంటున్న పేరు మాకు తగిలిస్తున్నారు. నేను చేసే పని అదే, బ్యాడ్జి మీద మాట మారేసరికి వార్డులో నాతో మాట్లాడే తీరు మారింది.

హైదరాబాద్_సీటీవీఎస్ | నవంబర్ 10, రాత్రి 8:10

నేను ఇక్కడ బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ చేసి కార్డియాక్ సర్జరీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నా. కాలి నుంచి రక్తనాళం తీయడం నా చేతి మీదే జరుగుతుంది. నేను నేరుగా అమెరికా పాన్స్ పరీక్ష (పీఏ లైసెన్సుకి రాసేది) రాయొచ్చా?

రొటేషన్లో_ఉన్నా | నవంబర్ 10, రాత్రి 8:35

కుదరదన్నా. ఏఆర్‌సీ-పీఏ (అమెరికా పీఏ కోర్సులకి గుర్తింపిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లో చదివితేనే పాన్స్ రాయనిస్తారు. ఎంబీబీఎస్ చేసినవాళ్లకీ అదే రూలు.

హైదరాబాద్_సీటీవీఎస్ | నవంబర్ 10, రాత్రి 8:50

మన దేశంలో ఈ కోర్సు 1992 నుంచి ఉంది, చెన్నైలో మద్రాస్ మెడికల్ మిషన్‌లో డాక్టర్ కె.ఎం. చెరియన్ గారు మొదలుపెట్టారు. 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో మా పేరు కూడా చేర్చారు. ఇన్నేళ్ల పని అక్కడ సున్నా అంటే బాధగా ఉండదా?

ఎన్జే_నాన్న | నవంబర్ 10, రాత్రి 9:15

గంటలు, పేర్లు అని కొట్టుకుంటున్నారు. మా వాడి కష్టం వినండి. మూడేళ్ల వయసులో ఇక్కడికి తెచ్చాం. స్కూలు, కాలేజీ అన్నీ న్యూజెర్సీలోనే. మాది హెచ్1బీ, గ్రీన్ కార్డ్ క్యూ కదలదు. మార్చిలో 21 నిండితే హెచ్4 పోయి ఎఫ్1కి మారాలి. వాడు ఇష్టపడ్డ పద్నాలుగు ప్రోగ్రాముల్లో తొమ్మిది సిటిజన్లూ గ్రీన్ కార్డ్ వాళ్లే అప్లై చేయాలన్నాయి. ఈఎంటీగా (అంబులెన్స్‌లో అత్యవసర వైద్య సిబ్బందిగా) పనిచేద్దామంటే పని అనుమతి లేదు, వాలంటీర్ అంబులెన్స్‌లో తిరిగి 900 గంటలు చేశాడు. ఇంటర్వ్యూ అయి అయిదు వారాలు. ఆఫీసుకి నేను ఫోన్ చేసి వాడి పరిస్థితి వివరిద్దామనుకుంటున్నా. తప్పా?

రొటేషన్లో_ఉన్నా | నవంబర్ 10, రాత్రి 9:32

అంకుల్, దయచేసి మీరు చేయకండి. అబ్బాయినే మెయిల్ పెట్టమనండి. తల్లిదండ్రులు ఫోన్ చేస్తే వాళ్లు ఏమీ చెప్పరు, పైగా అది ఫైల్లో నోట్‌గా పడే ప్రమాదం ఉంది.

ఎన్జే_నాన్న | నవంబర్ 10, రాత్రి 9:40

కన్నవాళ్లం అడగకూడదా? ట్యూషన్ కట్టేది నేనే. ఫెడరల్ లోన్ కూడా రాదు మాకు.

కడప_ఎంఏ | నవంబర్ 10, రాత్రి 9:55

లోన్ మాట ఎత్తినారు కాబట్టి చెప్తాండా. గుంటూరు అక్క విషయంలో అందరూ మరిచిపోయిన సంగతి ఇదే. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ లోన్ (పీజీ చదువుకి మిగతా ఖర్చంతా ఇచ్చే ఫెడరల్ అప్పు) ఎత్తేసినారు. మాస్టర్స్‌కి ఏడాదికి 20,500 డాలర్లే ఫెడరల్ అప్పు. అంతకుముందే చేరి, ఆ కోర్సుకి ఫెడరల్ లోన్ తీసుకున్నోళ్లకి పాత పద్ధతి ఇంకొన్నాళ్లు నడుస్తుంది. అంటే మే బ్యాచ్‌కీ ఆగస్టు బ్యాచ్‌కీ తేడా మూడు నెలలు కాదు, వేలకి వేల డాలర్లు. నాకు వచ్చింది ఆగస్టు సీటు. ఇల్లు తాకట్టు పెట్టమని నాయన్ని ఎట్లా అడగాలో తెలీక నెలనుంచి డిపాజిట్ కట్టకుండా ఉండా.

వరంగల్_స్క్రైబ్ | నవంబర్ 10, రాత్రి 10:20

మరి ఇక్కడ ఒకాయన రెండు సీట్లు పట్టుకొని కూసున్నడు. ఫిజియో అన్నా, నీ రెండోది ఏ నెల?

ఫిజియో_చార్లెట్ | నవంబర్ 10, రాత్రి 10:31

రెండూ మేలోనే. ఇద్దరికీ డబ్బు కట్టాను, ఎంచుకునే హక్కు నాది. నా భార్యకి ఉద్యోగం ఏ ఊళ్లో వస్తుందో తేలాలి.

వరంగల్_స్క్రైబ్ | నవంబర్ 10, రాత్రి 10:36

హక్కు ఉన్నది, కాదన్నోళ్లెవరు? అవతల ఒకామె పోర్టల్ చూస్కుంట ఏడుస్తున్నది. నువ్వేమో "మొదటి వరుసలో లేవు" అని చెప్తివి. ఆమె వరుసల నువ్వే నిలబడ్డవేమో ఒక్కసారి సోంచాయించు.

ఫిజియో_చార్లెట్ | నవంబర్ 10, రాత్రి 10:44

నా పరిస్థితి తెలియకుండా మాట్లాడొద్దు. ఎనిమిదేళ్లు ఆగాను నేను ఈ సీటు కోసం. మూడు సైకిళ్లు.

డాలస్_అమ్మ | నవంబర్ 11, ఉదయం 8:00

అరుచుకోకండి నాయనా. నా బయోడేటా సంగతి ఎవరూ తేల్చలేదు.

ఈఆర్_పీఏ_14ఏళ్లు | నవంబర్ 11, ఉదయం 8:40

అసలు ప్రశ్నకి జవాబు చెప్పకుండా తిరుగుతున్నాం, అందులో నా తప్పూ ఉంది. గుంటూరమ్మా, ఏడు వారాలంటే కాదన్నట్టు కాదు. ఇంటర్వ్యూలు ఆగస్టు నుంచి జనవరి దాకా విడతలుగా జరుగుతాయి. పైవాళ్లకి వెంటనే చెబుతారు, వద్దనుకున్నవాళ్లకీ త్వరగానే చెబుతారు. మధ్యలో ఉన్నవాళ్లని తర్వాతి విడత వాళ్లతో పోల్చడానికి ఆపి ఉంచుతారు. నువ్వు అక్కడున్నావు. మెయిల్ ఒక్కటే పెట్టు, అయిదారు వాక్యాలు. ఇంటర్వ్యూ తర్వాత పెరిగిన గంటలు, కొత్త కోర్సు ఉంటే దాని గ్రేడు, సీటిస్తే తప్పకుండా చేరతానన్న మాట. ఆ మాట నిజమైతేనే రాయి. వారంవారం రాయకు. స్క్రైబ్ గంటల గురించి ఎవరైనా అడిగితే ఏం చేశావో ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను ప్యానెల్లో ఉండగా ఆ వరంగల్ అమ్మాయి పెద్దమ్మ కథ చెప్పి ఉంటే మంచి మార్కే వేసేవాణ్ని. గంటల లెక్కలో మాత్రం నా మాట మీదే ఉంటాను.

వరంగల్_స్క్రైబ్ | నవంబర్ 11, ఉదయం 9:05

లెక్క దగ్గర మనకు ఎప్పుడు కలవది సార్. కానీ ఆ మాటకు థ్యాంక్స్. నా ఇంటర్వ్యూ డిసెంబర్ 5న ఉన్నది.

గుంటూరు_బీడీఎస్ | నవంబర్ 13, సాయంత్రం 4:18

నిన్న మెయిల్ పెట్టాను. ఇవాళ పోర్టల్ మారింది. వెయిట్‌లిస్ట్. నంబర్ చెప్పరట. మా ఆయన "కాదనలేదుగా" అంటున్నారు, నాకు మాత్రం కాళ్లు చేతులు ఆడటం లేదు. వెయిట్‌లిస్ట్ నుంచి ఎవరికైనా వచ్చిందా? ఎప్పటిదాకా కదులుతుంది?

రొటేషన్లో_ఉన్నా | నవంబర్ 13, సాయంత్రం 4:50

నాకు అలాగే వచ్చింది అక్కా. క్లాసులు మొదలవడానికి పదిహేడు రోజుల ముందు ఫోన్. 48 గంటల్లో చెప్పమన్నారు. మీ ఇమ్యునైజేషన్ కాగితాలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఇప్పుడే సిద్ధం చేసి పెట్టుకోండి, పిల్లలని చూసుకోవడానికి ఎవరు వస్తారో కూడా మాట్లాడుకోండి. తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చినా ఎత్తండి.

ఎన్జే_నాన్న | నవంబర్ 13, రాత్రి 8:02

మా వాడే మెయిల్ రాశాడు. నాకు చూపించలేదు.

ఫిజియో_చార్లెట్ | నవంబర్ 13, రాత్రి 11:16

నా భార్యకి ఇక్కడే ఆఫర్ వచ్చింది. చార్లెట్ వదలడం లేదు. మిడ్‌వెస్ట్ సీటు ఇందాకే వదిలేశా, డిపాజిట్ ఎలాగూ తిరిగిరాదు. గుంటూరు సిస్టర్, ఆ రోజు అన్నదానికి సారీ.

గుంటూరు_బీడీఎస్ | నవంబర్ 13, రాత్రి 11:19

అన్నా, మిడ్‌వెస్ట్‌లో ఏ రాష్ట్రం?