చర్చ: ఒకే పిల్లలను ఏండ్ల తరబడి తీసే డాక్యుమెంటరీ, మన దగ్గర ఎట్ల చెయ్యాలె?

మిర్యాల_రీల్:
బ్రిటన్‌ల 1964ల మొదలైన ‘అప్’ డాక్యుమెంటరీ సిరీస్ లెక్క మన దగ్గర ఒకటి మొదలుపెడుతున్నం. మిర్యాలగూడ రైసుమిల్లు ఓనర్ల పిల్లలు, దేవరకొండ తండాల పిల్లలు, పాలమూరు వలసకూలీల పిల్లలు. రెండో తరగతి నుంచి షురూ. ఎంతమందిని తీసుకోవాలె, ఎన్నేండ్లకోసారి తియ్యాలె?

కోయిల్‌కొండ_కెమెరా:
‘అప్’ల 14 మంది పిల్లలు, అండ్ల ఆడపిల్లలు నలుగురే. అది పొరపాటని ఆ సిరీస్ డైరెక్టర్ మైఖేల్ ఆప్టెడే తర్వాత ఒప్పుకున్నడు. మీరు సగం సగం తీసుకోండి. మధ్యల తప్పుకునేటోళ్లు తప్పకుంట ఉంటరు, చివరికి 8 మంది కావాల్నంటే 14 మందితోని మొదలుపెట్టాలె.

వాళ్లు 7 ఏండ్లకోసారి తీసిండ్రు. మన దగ్గర అది కుదరదన్నా. గురుకులం సీటు ఐదో తరగతిల వస్తది, పిల్ల ఇల్లు విడిచేది అప్పుడే. అందుకే నాలుగో తరగతి అయిపోకముందే ఇంటి దగ్గర ఒక రౌండు తియ్యాలె. తర్వాత ఏడు, పది, ఇంటర్ అయినంక. గురుకులం లోపల షూటింగ్‌కు రాతపూర్వక అనుమతి ముందే తీసుకోవాలె, లేకుంటే దసరా సెలవులల్ల ఇంటి దగ్గర తీసుకోవాలె.

నారాయణపేట_చేనేత:
ఇసొంటి సినిమా ఆగిపోయేది కెమెరాతోని కాదు, కుటుంబం అడ్రస్ దొరకక. 2016 అక్టోబర్‌ల జిల్లాలు విడగొట్టిండ్రు, 2019ల నారాయణపేట వేరే అయింది, చానా తండాలు పంచాయతీలైనయి. జిల్లా, మండలం పేరు నమ్ముకోకుండ్రి. ఊరిపేరు, పిన్‌కోడ్, ఇంటి జీపీఎస్ పాయింటు రాసుకోండి.

ప్రీపెయిడ్ నంబర్లు రీఛార్జ్ చెయ్యకుంటే బందైతయి. ఒక్కో పిల్లకు నాలుగు నంబర్లు ఉండాలె: తల్లిది, మేనమామది, ఊర్లె కిరాణం షాపుది, కూలికి తీస్కపోయే మేస్త్రీది. ముంబై, పుణె పోయినోళ్ల జాడ చెప్పేది ఆ మేస్త్రీనే. షూటింగ్ లేకున్నా ఆర్నెల్లకోసారి ఫోన్ చెయ్యాలె. వలస కుటుంబాలు దసరాకు, పీర్ల పండుగకు ఊర్లె దొరుకుతరు.

నల్లగొండ_సౌండ్:
ప్రతి రౌండుల అవే ప్రశ్నలు, అదే ఫ్రేము, కెమెరా పిల్లల కండ్ల ఎత్తుల. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెడితే ట్యూబులైటు మినుకుమినుకుమనదు. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద, ఫ్యాను బంద్. ఖాళీ గది శబ్దం 30 సెకన్లు వేరే రికార్డ్ చెయ్యకుంటే ఎడిటింగ్‌ల అతుకులు వినపడతయి.

50 ఎంబీపీఎస్‌ల (సెకనుకు 50 మెగాబిట్లు) రికార్డ్ చేస్తే వీడియో గంటకు 22 జీబీ దాటుతది. రెండు హార్డ్‌డిస్కులు, రెండు ఊర్లల్ల పెట్టండి, ఐదేండ్లకోసారి కొత్తదాన్లకు మార్చండి. మాటలు రాసుకునేది యూనికోడ్‌లనే. అను ఫాంట్‌ల రాస్తే పదేండ్లకు ఆ ఫాంటు లేని కంప్యూటర్ల పిచ్చి గీతలే కనబడతయి.

మిర్యాల_రీల్:
తండా పిల్లలు తెలుగుల అడిగితే ఊ, ఆ అనే అంటున్నరు.

కోయిల్‌కొండ_కెమెరా:
లంబాడీ భాషల అడగాలె. ఆ తండా మనిషే అడిగితే ఇంక మంచిది. ప్రశ్నలకు ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం చూడండి. 2002 నుంచి పిల్లలను వెంబడిస్తున్నరు, అండ్ల మహబూబ్‌నగర్ కూడా ఉంది. ప్రశ్నపత్రాలు ఉచితంగ దొరుకుతయి.

నారాయణపేట_చేనేత:
బాల్యవివాహం సంగతి తెలిస్తే ఏం చెయ్యాలెనో మొదటి రోజే టీం తేల్చుకోవాలె. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసుడు సినిమా కన్నా ముందు.

తల్లిదండ్రుల సంతకం ఒక్కసారి తీసుకుంటే సరిపోదు. ప్రతి రౌండుకు పిల్లను వేరేగ అడగాలె, వద్దంటే ఆ రౌండు విడిచిపెట్టాలె. 18 నిండినంక పాత ఫుటేజీ మొత్తం చూపించి కొత్త సంతకం తీసుకోండి, వాళ్లు వద్దన్న ముక్క తీసెయ్యండి.