సమస్య: చచ్చి యింటికొచ్చె సంతసమున

మాస్టారు: నెల రోజులుగా ఇక్కడ పద్యాలకన్నా ఆటల కబుర్లే ఎక్కువగా నడుస్తున్నాయి. సరే, వాటినే పద్యాల్లోకి లాగుదాం. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి:

చచ్చి యింటికొచ్చె సంతసమున

ఈ మధ్య మీరు నిజంగా ఆడిన వీడియో గేమే పూరణలో ఉండాలి. పేరు చెప్పక్కర్లేదు, ఆడినవాళ్ళకి తెలిస్తే చాలు. ఒక్క హెచ్చరిక. గేముల్లో చావు చాలా చవక, దానికి దారి అందరికీ దొరుకుతుంది. ఇంటికి రావడం కాస్త కష్టం. సంతోషమే అసలు సమస్య.

కందగడ్డ: మాస్టారూ, మొదటే ఒక పేచీ. 'ఇంటికి వచ్చె' కదా, 'కొచ్చె' ఏమిటి?

మాస్టారు: వాడుకమాటే. గ్రాంథికం కావాలంటే 'చచ్చి యింటఁ జేరె' అనుకోండి, గణాలూ, యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) చెడవు. కానీ గేమ్ ఆడేవాడు ఇల్లు చేరడు, ఇంటికొస్తాడు.

రాత్రిబండి: నాది హేడిస్. 2020లో వచ్చింది, నేను మొదలుపెట్టి మూడు వారాలైంది. పాతాళ రాజు కొడుకు జాగ్రియస్ తండ్రి మీద అలిగి పైలోకానికి పారిపోవాలని చూస్తాడు. దారిలో చస్తే మళ్ళీ తండ్రి ఇంట్లోనే తేలతాడు.

అడుగులోకమందు నయ్యపై కినుకతో
పైకి బోవ జూచు బాలుడొకడు
నెత్తుటేట దేలి నిట్టూర్చి మెట్లెక్కి
చచ్చి యింటికొచ్చె సంతసమున

మాస్టారు: సమస్యకి ఇంతకన్నా సరిపోయే గేమ్ ఉండదేమో. యతులన్నీ కుదిరాయి. పై-బా దగ్గర ఐత్వానికి ఆత్వం చెల్లుతుంది, ఎవరూ అడగకముందే చెబుతున్నా. చిక్కంతా మూడో పాదంలో ఉంది. నిట్టూర్చినవాడికి సంతోషమెక్కడిది? పైగా ఏట్లో తేలి, మెట్లెక్కి, ఆ తర్వాత చచ్చాడా? క్త్వార్థకాలు ('తేలి, ఎక్కి' లాంటి మాటలు) వరస పెట్టినప్పుడు పనులూ ఆ వరసలోనే జరగాలి.

రాత్రిబండి: వరస సంగతి ఒప్పుకుంటా. సంతోషం మాత్రం ఉంది మాస్టారూ. మామూలు గేముల్లో చస్తే కథ ఆగుతుంది, ఇందులో చస్తేనే ముందుకు కదులుతుంది. గుమ్మం దగ్గర నిద్రదేవుడు హిప్నోస్ నువ్వు దేనివల్ల చచ్చావో చూసి ఒక ఉచిత సలహా పడేస్తాడు. ఒకసారి దేనితోనైనా చచ్చాక 'ఈసారి దాన్నుంచి తప్పుకో' అన్నట్టు ఉంటుంది, ఒళ్ళు మండుతుంది. అయినా వాడు ఏమంటాడో విందామనే ఇంటికి రావాలనిపిస్తుంది. చివరిదాకా వెళ్ళి గెలిచినా పైలోకం గాలి వాడికి పడదు, చచ్చి మళ్ళీ ఇంటికే రావాలి.

మాస్టారు: ఇంత చెప్పారు, ఇందులో ఒక్క ముక్కా పద్యంలో లేదు. ఇంట్లో వాడు చూడాలనుకునేది ఏదో ఒకటి పెట్టండి.

రాత్రిబండి: మూడో పాదం మార్చాను. మూడు తలల కుక్క సెర్బెరస్ ఉంటుంది, వచ్చినప్పుడల్లా నిమరొచ్చు.

కుక్క మూడు తలలు గోముగా నిమురంగ
చచ్చి యింటికొచ్చె సంతసమున

మాస్టారు: భేష్. ఇప్పుడు సంతోషానికి తోక కూడా వచ్చింది.

పద్యాలపిన్ని: నావి పాతకాలం చేతులు. మా మనవడి ఫోన్లో పాక్‌మాన్ మళ్ళీ మొదలెట్టాను. 1980 నాటి గేమ్, ఇప్పటికీ వేలికి నొప్పే. పెద్ద చుక్క తినగానే దయ్యాలు నీలం రంగుకి తిరిగి పారిపోతాయి. ఒక చుక్క మీద వరసగా తింటూపోతే 200, 400, 800, 1600 పాయింట్లు. ఆ నాలుగోది నాకెప్పుడూ అందదు.

నీలమైన దయ్య మేలనో పరుగెత్తి
నోట బడగ మిగిలె నుత్త కళ్ళు
గోడ సందులోన గుడ్లు మిటకరించి
చచ్చి యింటికొచ్చె సంతసమున

కందగడ్డ: పిన్నిగారూ, దయ్యమంటేనే చచ్చింది కదా. మళ్ళీ చావడమేమిటి?

పద్యాలపిన్ని: అది ఆ గేమ్ చేసినవాళ్ళని అడుగు నాయనా. నేను తిన్నాను, అది చచ్చింది. కళ్ళు మాత్రం నడిమి గూటికి పరుగెత్తాయి, రంగు తెచ్చుకుని మళ్ళీ నామీదకే వచ్చాయి. నాకు మూడు ప్రాణాలే, వాటికి లెక్కే లేదు. సంతోషం కాక మరేమిటి!

మాస్టారు: నీల-మేల ప్రాసయతి (యతి బదులు రెండో అక్షరాలు కలవడం) హాయిగా ఉంది. 'ఉత్త కళ్ళు' చూడగానే నవ్వొచ్చింది. ఇలాంటి మాట నిఘంటువు వెతికితే దొరకదు. సంతోషం గుడ్లలో కనిపిస్తోందని ఒప్పుకుంటున్నా, కాస్త పక్షపాతంతో.

గుడ్డివెన్నెల: ఎల్డెన్ రింగ్ మీద రాద్దామని రెండు రాత్రులు కూర్చున్నా. కుదరలేదు.

మాస్టారు: కుదరదు. అందులో చచ్చినవాడు దారిపక్క బంగారు వెలుగు దగ్గర లేస్తాడు, కూడబెట్టిన రూన్లన్నీ (ఆ గేమ్‌లో డబ్బు లాంటివి) చచ్చినచోటే పడుంటాయి. తెచ్చుకునేలోపు ఇంకోసారి చస్తే అవీ పోతాయి. ఇల్లూ లేదు, సంతోషమూ లేదు. వచ్చేవారం ఏడుపు సమస్య ఇస్తాను, దాచుకోండి.

తొమ్మిదో తరగతి: నాది మైన్‌క్రాఫ్ట్. మొదటి పద్యం, తిట్టకండి.

బొగ్గు తవ్వుచుండ బుస్సుమన్ శబ్దమై
పేలిపోయె సొత్తు నేలరాలె
మంచమందు లేచి కన్నుల నులుముచు
చచ్చి యింటికొచ్చె సంతసమున

మాస్టారు: మొదటి పద్యానికి గణాలన్నీ సరిపోయాయంటే మాటలు కాదు. 'బుస్సుమన్' చదవగానే వెనక్కి తిరిగి చూశాను, ఆ క్రీపర్ (దగ్గరికొచ్చి పేలే జీవి) అలాగే వస్తుంది. ఇక మూడో పాదం. మంచమందు - కన్నుల, మకారానికి కకారం యతి చెల్లదు. రెండోది, లేచి చచ్చాడా, చచ్చి లేచాడా? రాత్రిబండిగారి తప్పే.

కందగడ్డ: యతికి 'మసక కన్నులతోడ' అంటే సరి.

మాస్టారు: యతి సరే, వరస అలాగే ఉంది. బాబూ, సొత్తు నేలరాలిందన్నావు. అయిదు నిమిషాలు దాటితే అదీ మాయమవుతుందిగా, నీకు సంతోషమెలా?

తొమ్మిదో తరగతి: వజ్రాలు ముందే ఇంట్లో పెట్టెలో దాచేశా సార్. జేబులో బొగ్గు, రాళ్ళే. చస్తే మంచంలో లేస్తానని తెలుసు. నడిచి రావాలంటే చాలా దూరం, అందుకే పారిపోలేదు.

మాస్టారు: ఈ ముక్కే పద్యం! చూడు:

బొగ్గు తవ్వుచుండ బుస్సుమన్ శబ్దమై
పేలె, రవలు మునుపె పెట్టె జేర
మంచమందు లేచు మాయ తెలిసి వాడు
చచ్చి యింటికొచ్చె సంతసమున

తొమ్మిదో తరగతి: రవలు అంటే?

మాస్టారు: వజ్రాలే. మీ అమ్మమ్మ ముక్కుపుడక అడుగు.

చల్లారిన అన్నం: నేను ఆడను, ఆడేవాణ్ణి కన్నాను. కాబట్టి నాకూ హక్కుంది.

కూడు చల్లబడెను కొడుక రమ్మనగానె
చావలేదు నేను జరుగు మనుచు
వందమందిలోన వరుస రెండయి నిల్చి
చచ్చి యింటికొచ్చె సంతసమున

రాత్రిబండి: అక్కా, మా ఇంట్లో మాట మీకెలా తెలిసింది! 'ఇంకో నిమిషంలో చచ్చిపోతానమ్మా, వడ్డించెయ్' అని నేనే ఎన్నిసార్లు అన్నానో.

కందగడ్డ: బాగుంది గానీ, కుర్రాడు ఇంట్లోనే ఉన్నాడుగా. మళ్ళీ ఇంటికి రావడమేమిటి?

చల్లారిన అన్నం: ఇంట్లో ఎక్కడుంటాడు తమ్ముడూ, పక్కవాళ్ళ మెట్ల మీద ఉంటాడు. మా వైఫై కంటే వాళ్ళది స్పీడట. ఆ రాత్రి వందమంది ఆడే గేమ్‌లో రెండోవాడిగా చచ్చి, ఎప్పుడూ లేనిది కంచం తనే కడిగాడు.

మాస్టారు: ఈ వారం నా ఓటు మీకే. వాడిది సంతోషం, మీది చల్లారిన కూర. రెండూ ఒక్క పద్యంలో పట్టాయి. 'జరుగు మనుచు' అన్నచోట కొడుకు గొంతు వినబడింది.

కందగడ్డ: మరి మీ పూరణ?

మాస్టారు: నాది చిన్నప్పటి మారియో. షాపులో గంటకింత అని అద్దె కట్టి, బల్ల మీద ఇద్దరం ఇరుక్కుని ఆడేవాళ్ళం. పోయిన ఆదివారం మళ్ళీ ఆడి చూశాను, ఇప్పటికీ అదే గుంటలో పడుతున్నాను.

అద్దె గంట తీర నాఖరి ప్రాణాన
అగ్గిగుంటలోన నడుగు పెట్టి
అమ్మచేత దెబ్బలందక ముందుగా
చచ్చి యింటికొచ్చె సంతసమున

పద్యాలపిన్ని: మూడు పాదాలూ అకారంతోనే మొదలెట్టారు. యతికి కష్టపడకుండా తప్పించుకున్నారు మాస్టారూ.

మాస్టారు: దొరికిపోయాను. ఆ రోజు ఇంటికెళ్ళాక కూడా ఇలాగే దొరికాను పిన్నిగారూ, చెప్పుల నిండా ఆ షాపు ముందు బురదే.