విధానం రాత్రికి రాత్రి మారితే బయటి దేశాల్లో మన మాటకు విలువ తగ్గుతుందా?

ఓడరేవు గుమస్తా, విశాఖపట్నం:

విశాఖ ఓడరేవు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు (ఎగుమతిదారుల సరుకుకు కస్టమ్స్ పనులు చూసిపెట్టేవారు) కార్యాలయంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. 2023 మార్చి నెలాఖరున జీ20 మౌలిక వసతుల కార్యబృందం సమావేశం మన ఊళ్లో జరిగినప్పుడు బీచ్ రోడ్డుకు చేసిన అలంకరణ అందరికీ గుర్తుండే ఉంటుంది. నాలుగు నెలలు తిరగకముందే, జులై 20న, బాస్మతి కాని పచ్చి బియ్యం ఎగుమతిని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. అప్పటికే ఓడలోకి లోడింగ్ మొదలైన సరుకుకు మినహాయింపు ఇచ్చారు గానీ, మేము పని చూసే ఎగుమతిదారు బస్తాలు ఇంకా గోడౌనులోనే ఉన్నాయి.

పశ్చిమ ఆఫ్రికాలోని కొనుగోలుదారుకు ఆ రాత్రి మెయిలు రాసినవాడిని నేనే. ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది, మా చేతుల్లో లేదు అని రాశాను. ఆయన కోప్పడలేదు. పోయిన ఏడాది సెప్టెంబరులో నూకలు ఆపినప్పుడు కూడా మీరు ఇవే మాటలు రాశారు కదా అని మాత్రం అడిగాడు. దానికి ఏం జవాబు రాయాలో నాకు తోచలేదు.

దేశంలో ధరలు పెరుగుతున్నప్పుడు ప్రభుత్వం ఎగుమతులు ఆపడం తప్పని నేను అనను. అయితే ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం వాటా ఉన్న దేశం ఇలా చేసినప్పుడు వచ్చే చెడ్డపేరు నిజంగా లెక్కలోకి తీసుకోవలసినదేనా, లేక రెండు పంటలు చేతికి రాగానే అందరూ మరిచిపోయేదేనా? తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ:

మీరు పేరు అన్నారు గానీ, మీ అనుభవంలో దెబ్బతిన్నది పరపతి. తెలుగులో ఈ మాటను పలుకుబడికీ వాడతాం, అప్పు పుట్టే అర్హతకూ వాడతాం. సహకార పరపతి సంఘం బోర్డు మీద కనిపించేది రెండో అర్థం. అంతర్జాతీయ వ్యవహారాల్లో ఈ రెండు అర్థాలూ ఒకటే అయిపోతాయి. అలంకరణ వల్ల పేరు రావచ్చు, పరపతి మాత్రం అన్న మాట మీద నిలబడితేనే వస్తుంది.

దీనికి నాకు తెలిసినంతలో పెద్ద ఉదాహరణ వెనకటి తేదీ నుంచి వర్తించే పన్ను. 2012 జనవరిలో వొడాఫోన్ కేసులో సుప్రీంకోర్టు పన్ను వేయడం చెల్లదని తీర్పు ఇచ్చింది. కొన్ని నెలలకే పార్లమెంటు చట్టాన్ని సవరించి, ఆ సవరణ పాత లావాదేవీలకు కూడా వర్తిస్తుందని చెప్పింది. పార్లమెంటుకు ఆ అధికారం ఉందా అంటే ఉంది. కానీ ఆట ముగిశాక నియమం మార్చారన్న భావన బయట బలపడింది. మన కోనసీమ తీరానికి ఎదురుగా ఉన్న రవ్వ చమురు క్షేత్రం వల్ల కెయిర్న్ అనే బ్రిటిష్ చమురు సంస్థ పేరు ఇక్కడివారికి పరిచయమే. 2006లో ఆ సంస్థ తన భారత వ్యాపారాన్ని పునర్వ్యవస్థీకరించుకున్నందుకు, ఈ సవరణ ఆధారంగా 10,247 కోట్ల రూపాయల పన్ను కట్టాలని అడిగారు. ది హేగ్‌లోని మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ 2020 డిసెంబరులో మన ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చి, 120 కోట్ల డాలర్లు చెల్లించమంది. మనం చెల్లించకపోవడంతో 2021 జులైలో పారిస్‌లోని భారత ప్రభుత్వ ఆస్తులు సుమారు ఇరవైంటిపై కెయిర్న్ వారు ఫ్రెంచి కోర్టు ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఒక సార్వభౌమ దేశపు ఇళ్లను అప్పులవాడు జప్తుకు పెట్టినంత పని అది. మరుసటి నెలలోనే పార్లమెంటు ఆ వెనకటి పన్నును రద్దు చేసింది. 2022 ఫిబ్రవరిలో సుమారు 7,900 కోట్లు తిరిగి ఇచ్చారు.

తొమ్మిదేళ్లు పట్టుదలగా నడిపిన విధానానికి మిగిలిన రాబడి ఏమిటో మీరే చూడండి. మీ కొనుగోలుదారు కోర్టుకు వెళ్లడు, నిశ్శబ్దంగా థాయిలాండ్ వైపో, వియత్నాం వైపో చూస్తాడు. అందువల్ల ఆ నష్టం ఏ పద్దులోనూ కనిపించదు.

కరెంటు మనిషి, గాజువాక:

అంత దూరం వెళ్లనక్కరలేదు. 2019 జులైలో మన రాష్ట్ర ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలను తగ్గించాలని కమిటీ వేసినప్పుడు, జపాన్ రాయబారి ఆందోళన వ్యక్తం చేస్తూ ముఖ్యమంత్రికి లేఖ రాశారు. కేంద్ర విద్యుత్ శాఖ సైతం వద్దని చెప్పింది. ఆ ధరలు ఎక్కువేనన్నది నా అభిప్రాయం కూడా. అయినా సంతకం పెట్టాక ఎక్కువని అనిపిస్తే అది సంతకం పెట్టినవారి సమస్య. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న ధరకే బకాయిలు చెల్లించమంది. పరపతి కేంద్రానిదే కాదు, రాష్ట్రానిది కూడా.

వెంకటాపురం పక్కవాడు:

పై ఇద్దరితో నాకు పూర్తి ఏకీభావం లేదు. మంచిపేరు అంటే ఎవరి దగ్గర మంచిపేరు? ఆహార భద్రతా చట్టం కింద సుమారు 81 కోట్ల మందికి ధాన్యం ఇస్తున్న ప్రభుత్వం, ఎల్ నినో వల్ల వానలు తగ్గుతాయన్న భయం ఉన్న ఏడాదిలో ముందు తన గాదె చూసుకోవడాన్ని ద్రోహంగా భావించలేం. పైగా తలుపు పూర్తిగా మూయలేదు. అడిగిన దేశాలకు ప్రభుత్వాల మధ్య ఒప్పందంగా బియ్యం పంపారు, సింగపూర్‌కు 50 వేల టన్నులు అలా అనుమతించినవే.

ఇంకొక ఉదాహరణ ఇస్తాను. 2010లో తెచ్చి 2025లో రద్దు చేసిన అణు నష్టపరిహార చట్టంలో, ప్రమాదం జరిగితే పరికరాలు సరఫరా చేసిన సంస్థను కూడా బాధ్యురాలిని చేయగల నిబంధన పెట్టారు. విదేశీ సంస్థలు దాన్ని సాకుగా చూపి వెనకాడాయి, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ ప్రాజెక్టు ఏళ్ల తరబడి కాగితాల మీదే ఉండటానికి అదీ ఒక కారణం. పెట్టుబడిదారుల లెక్కలో అది చెడ్డ విధానంగానే ఉండేది. కానీ 1984 భోపాల్ తరువాత ఈ దేశం ఆ మాత్రం అడగకూడదా? 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరిన్ అనే విష రసాయనపు ఆవిరికి మా వీధిలోని వేపచెట్టు ఆకులు ఎలా మాడిపోయాయో చూసినవాడిని. పన్నెండు మంది పోయారు. అలాంటి చట్టం వల్ల వచ్చే చెడ్డపేరు మనకు వచ్చినా ఫరవాలేదు.

విశ్రాంత అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ:

మీ మాట కాదనలేను. అయితే ఒక తేడా గమనించండి. 2010 చట్టం కఠినమైనదే గానీ, ముందుగా చెప్పి పెట్టిన షరతు. ఇష్టం లేనివారు రాకుండా ఉండే వీలుండేది. 2012 సవరణ వచ్చేసినవారి మీద పడింది. నా అభ్యంతరం రెండో దానిపైనే.

హార్బరు రొయ్యల షెడ్డు:

అందరూ విధానం మార్చడం గురించే మాట్లాడుతున్నారు. ఉన్న విధానాన్ని అమలు చేయకపోవడం వల్ల పోయే పేరు గురించి నేను చెబుతాను. తాబేళ్లు తప్పించుకునే పరికరం లేని వలలతో పట్టిన సముద్రపు రొయ్యను అమెరికా తీసుకోదు. 1989 నుంచి వాళ్ల చట్టం అది. మన దేశం మరో మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో దావా వేసింది. అమెరికా ఆ చట్టాన్ని అమలు చేసిన తీరు వివక్షతో కూడినదని 1998లో తీర్పు వచ్చింది గానీ, తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం తప్పని తేల్చలేదు. మనం గెలిచామని సంబరపడి వలల సంగతి వదిలేశాం. 2019 నుంచి మన సముద్రపు రొయ్య అమెరికాకు వెళ్లడం లేదు, చెరువుల్లో పెంచిన రొయ్య మాత్రమే వెళుతోంది.

ఆ పరికరం పెద్ద యంత్రమేమీ కాదు. వల గొట్టంలో ఏటవాలుగా కట్టిన ఊచల చట్రం, దాని పక్కన తాబేలు బయటికి పోవడానికి ఒక కంత, అంతే. ఊచల సందుల్లోంచి రొయ్య సంచిలోకి వెళుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు సరిపడే నమూనా కూడా తయారు చేసింది. కంతలోంచి చేప జారిపోతుందని బోటువాళ్ల భయం. డీజిలు ఖర్చు చూస్తే ఆ భయంలో అర్థం లేకపోలేదు. ఆ నష్టాన్ని భరిస్తామని ప్రభుత్వం గట్టిగా చెప్పి ఉంటే, హార్బరులో వలలు తనిఖీ చేసే విధానం అప్పుడే ఉండి ఉంటే ఈ నిషేధం దాకా వచ్చేది కాదని నా నమ్మకం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆర్కే బీచ్‌కు పొద్దున్నే నడకకు వెళ్లేవారు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్లను చూసే ఉంటారు. అమెరికా తనిఖీదారుడు అడిగేది కూడా వాటి గురించే.

ఓడరేవు గుమస్తా, విశాఖపట్నం:

అందరికీ కృతజ్ఞతలు. నా ప్రశ్నలోని రెండో సగానికి జవాబు ఇప్పుడు నాకే తోస్తోంది. 2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తివేశారు, టన్నుకు 490 డాలర్ల కనీస ధర నియమం కూడా ఆ తరువాతి నెలలోనే పోయింది. అదే కొనుగోలుదారు మళ్లీ ఆర్డరు పంపాడు. అయితే పరిమాణం పాతదానిలో సగం, మిగిలిన సగం వియత్నాం నుంచి తీసుకుంటున్నానని దాచకుండా చెప్పాడు. ఒప్పందంలో ఒక కొత్త వాక్యం చేర్చమన్నాడు: ప్రభుత్వ ఉత్తర్వు వల్ల సరుకు ఆగితే బయానా సొమ్ము పదిహేను రోజుల్లో వెనక్కి ఇవ్వాలి. మా ఎగుమతిదారు ఏమీ అనకుండా సంతకం పెట్టారు.