ల్యాండ్ యూజ్, ల్యాండ్ కవర్: పోడు నేలను ఏ మాట కింద చేర్చాలి?

ఉపగ్రహ చిత్రాల వివరణలో వచ్చే ‘ల్యాండ్ యూజ్’, ‘ల్యాండ్ కవర్’ రెండింటికీ ‘భూవినియోగం’ ఒక్కటే సరిపోదా అని అడిగారు. సరిపోదని నా గట్టి అభిప్రాయం. నేలమీద పైకి కనబడేది కవర్. ఆ నేలతో మనిషి చేసుకునేది యూజ్. ఉపగ్రహానికి నేరుగా అందేది మొదటిదే.

ఒడిశాలోని మా గజపతి, రాయగడ జిల్లాల పోడునే చూడండి. వేసవిలో కొండవాలున తుప్పలు నరికి, ఎండాక కాలుస్తారు. అప్పటి చిత్రంలో అది నల్లటి మచ్చ. తొలకరికి చోళ్లు, సామలు, కందులు చల్లితే దసరా నాటికి పచ్చని చేను. కొన్నేళ్లు పండించి వదిలేశాక మళ్లీ తుప్పలు లేచి, చిత్రంలో అడవి అంచుతో కలిసిపోతుంది. పైకి కనబడేది ఇన్నిసార్లు మారినా సాగుచేసే కుటుంబానికి అది ఒకే పోడు. వదిలేసిన ఏళ్లు కూడా ఆ సాగులో భాగమే. ఒక్క తేదీ చిత్రం చూసి దాన్ని ‘బంజరు’ అని రాసేయడం అన్యాయం, ఎందుకంటే రెవెన్యూ కాగితాల్లో ఆ మాటకున్న బరువు వేరు.

హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ 2005-06 దేశ ల్యాండ్ యూజ్, ల్యాండ్ కవర్ పటానికి ఖరీఫ్, రబీ, వేసవి, మూడు కాలాల చిత్రాలనూ వాడింది. అందుకు వాడిన లిస్-3 అనే మన ఉపగ్రహ కెమెరా చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) 23.5 మీటర్ల చదరం, అంటే దాదాపు 14 సెంట్లు; చిన్న పోడు చెక్క, దాని పక్క పొద ఒకే గడిలో కలగలిసిపోతాయి. 10 మీటర్ల గడితో ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 వచ్చాక అంచులు తేటపడ్డాయి గానీ జీడితోటను అడవి నుంచి వేరుచేసే చిక్కు పూర్తిగా తీరలేదు. జీడిమామిడి ఆకూ, పక్కనున్న అడవి ఆకూ పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతాయి కాబట్టి, ఆ కాంతిని ఎరుపుగా చూపే చిత్రంలో రెండూ ఎర్రగానే ఉంటాయి. నేలమీదికి వెళ్లి సరిచూడక తప్పదు.

ఇక మాటల సంగతి. ‘ల్యాండ్ కవర్’కు ‘భూ ఆవరణం’ అంటే బడి ఆవరణ, గుడి ఆవరణ గుర్తొస్తాయి కనుక అది వద్దు. ‘ఆచ్ఛాదన’ అర్థానికి సరిపోయినా రైతు నోట పలకదు. ‘నేలకప్పు’ అందామని నా ప్రతిపాదన. మళ్లీ పోడు కొట్టడానికి కొన్నేళ్లు వదిలిన నేలకు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు తెలుగువారు వాడే ప్రత్యేకమైన మాట ఉంటే దయచేసి రాయండి. పటం సూచికలో ‘బంజరు’ బదులు దాన్నే పెట్టవచ్చు.