సీప్యాప్ వాడితే గుండెకు రక్షణ ఉందా, లేదా?

రాత్రిగస్తీ:
మా బావగారి విషయం. వయసు యాభై దాటింది, ఒళ్ళు కాస్త ఎక్కువే, గురక పక్క గదిలోకి వినిపిస్తుంది. ఆమధ్య చాలాసేపు నిలబడి ఉండగా చెమటలు పట్టి, కళ్ళు చీకట్లు కమ్మి పడిపోయారు. అర నిమిషంలో తేరుకున్నారు. హోల్టర్ (రోజంతా గుండె లయను నమోదు చేసే చిన్న పరికరం) పెడితే పగలంతా బాగానే ఉంది గానీ, నిద్రలో గుండె కొట్టుకోవడం మధ్యమధ్య నాలుగేసి సెకన్లు ఆగుతోందట. ఒక డాక్టరు పేస్‌మేకర్ అన్నారు, ఇంకొకరు ముందు స్లీప్ స్టడీ చేయించమన్నారు. చేయిస్తే గంటకు 41 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో జరుగుతోందని తేలింది.

ఇప్పుడు సీప్యాప్ (నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే మిషన్) మొదలుపెట్టారు. "ఇది పెట్టుకుంటే ఇక గుండెపోటు భయం ఉండదు" అని కూడా చెప్పారట. 2016లో వచ్చిన పెద్ద పరిశోధనలో అలాంటి లాభమేమీ కనబడలేదని నేను చదివాను. ఏది నమ్మాలి?

లెక్కలపురుగు:
మీరు చదివింది నిజమే. దాని పేరు సేవ్. అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో ఉండి, స్లీప్ ఆప్నియా (నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగే జబ్బు) కూడా ఉన్న 2,717 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యంతో పాటు సీప్యాప్, రెండో గుంపుకు మామూలు వైద్యం మాత్రమే. సగటున 3.7 ఏళ్ళు గమనించారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం లాంటివన్నీ కలిపి మిషన్ ఇచ్చినవారిలో 17 శాతం, ఇవ్వనివారిలో 15.4 శాతం. ఆ తేడా లెక్కలోకి రానంత చిన్నది, అదైనా మిషన్ వైపు మొగ్గలేదు.

2020లో స్పెయిన్ నుంచి ఐజాక్ వచ్చింది. గుండెపోటు లాంటి అత్యవసర స్థితితో ఆసుపత్రిలో చేరినవారి మీద చేశారు. అక్కడా ఇదే కథ. కాబట్టి "భయం ఉండదు" అన్న మాటకు ఆధారం లేదు. నిద్ర బాగుపడుతుంది అంటే ఒప్పుకుంటాను, అంతవరకే.

మాస్క్‌వీరుడు:
లెక్కలపురుగు గారూ, సగం చెప్పి వదిలేశారు. సేవ్‌లో జనం మిషన్ పెట్టుకున్నది రాత్రికి సగటున 3.3 గంటలు! ఏడు గంటలు పడుకునే మనిషికి మిగతా సగానికి పైగా నిద్రలో గొంతు మూసుకుంటూనే ఉంటుంది. పైగా కలలొచ్చే నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ, చాలామందికి ఊపిరి ఎక్కువసేపు ఆగేది ఆ నిద్రలోనే. సరిగ్గా అప్పటికి మాస్క్ దిండు పక్కన పడి ఉంటుంది. సగం కోర్సు మింగి మందు పనిచేయలేదన్నట్టుంది ఇది.

2023లో సేవ్, ఐజాక్, రిక్కాడ్సా అనే మూడు పరిశోధనల్లోని 4,186 మంది వివరాలు ఒకచోట చేర్చి చూశారు. మొత్తమ్మీద తేడా లేదు, నిజమే. కానీ రాత్రికి నాలుగు గంటలు, అంతకుమించి వాడినవారిలో ముప్పు సుమారు 31 శాతం తక్కువ. దాన్ని ఎందుకు దాటేశారు?

లెక్కలపురుగు:
దాటెయ్యలేదు, అది వేరే రకం ఆధారం కాబట్టి పక్కన పెట్టాను. మిషన్ ఎవరికివ్వాలో లాటరీ తేల్చింది. నాలుగు గంటలు ఎవరు వాడాలో మాత్రం వాళ్ళకు వాళ్ళే తేల్చుకున్నారు. రోజూ ఓపిగ్గా మాస్క్ తగిలించుకునే మనిషి బీపీ మాత్ర కూడా మానడు, నడకా మానడు.

ఊహించి చెప్పడం లేదు. అమెరికాలో గుండెపోటు వచ్చిన మగవాళ్ళ మీద జరిగిన కరొనరీ డ్రగ్ ప్రాజెక్ట్ నుంచి 1980లో వచ్చిన ఫలితాలు తీసి చూడండి. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన గుంపులోనే, దాన్ని క్రమం తప్పకుండా వేసుకున్నవారిలో ఐదేళ్ళలో చనిపోయింది 15.1 శాతం, సరిగ్గా వేసుకోనివారిలో 28.2 శాతం. మందే లేని మాత్ర! ఆ ప్రాణాలు కాపాడింది మాత్ర కాదు కదా. 2023 వాళ్ళు తెలిసిన తేడాలను లెక్కలో సరిచేశారు, ఒప్పుకుంటాను. తెలియని తేడాలను సరిచేయడం ఎవరి వల్లా కాదు.

మాస్క్‌వీరుడు:
అలాగైతే ఇక దేన్నీ నమ్మలేం. ఎవరినీ బలవంతంగా ఏడు గంటలు మాస్క్‌లో పడుకోబెట్టలేరు కాబట్టి, మీరు అడిగే రుజువు ఎప్పటికీ రాదు. దాన్ని అడ్డం పెట్టుకుని పనికిరాదనడం న్యాయమా?

లెక్కలపురుగు:
పనికిరాదని ఎక్కడ అన్నాను? గుండెపోటు ఆపుతుందని హామీ ఇవ్వొద్దంటున్నాను.

స్టెతస్కోపు:
మీరిద్దరూ గంటల దగ్గరే ఆగిపోయారు. నాకు అంతకంటే పెద్ద లోపం వేరే కనబడుతుంది. ఈ పరిశోధనల్లోకి ఎవరిని రానివ్వలేదో చూడండి. పగటిపూట విపరీతంగా కునుకు వచ్చేవారినీ, నిద్రలో ఆక్సిజన్ మరీ పడిపోయేవారినీ సేవ్‌లో చేర్చుకోలేదు. వాళ్ళకు ఏళ్ళ తరబడి చికిత్స ఇవ్వకుండా ఉంచడం తప్పు కాబట్టి. అంటే మేలు ఎక్కువ జరుగుతుందనుకునేవారు గేటు బయటే ఉండిపోయారు. ఆ ఫలితం తెచ్చి, కూర్చుంటే నిద్రపోయే మనిషికి అంటగడితే ఎలా?

ఇంకోటి, ఈ గంటకు 41 అన్న అంకె కూడా అంత గొప్ప కొలతేమీ కాదు. పది సెకన్లు ఊపిరి ఆగినా, నిమిషం ఆగినా అందులో ఒకటే లెక్క. ఆక్సిజన్ ఎంత లోతుకు, ఎంతసేపు పడిందన్నది గుండె ముప్పును ఇంకా బాగా చెబుతుందని కొన్నేళ్ళుగా పరిశోధనలు వస్తున్నాయి. రిపోర్టులో ఆక్సిజన్ 90 శాతం కంటే కింద ఎంతసేపు ఉందో రాసి ఉంటుంది, అది చూడండి.

బీపీ సంగతికొస్తే, సీప్యాప్‌తో సగటున తగ్గేది రెండు మూడు పాయింట్లే. మూడు నాలుగు మందులు వేసినా లొంగని బీపీ ఉన్నవారి మీద స్పెయిన్‌లో 2013లో వచ్చిన అధ్యయనంలోనూ 24 గంటల సగటు తగ్గింది 3.1 పాయింట్లు. మందు మానేసి మిషన్ పెట్టుకుంటే చాలనుకునేవారు ఇది గమనించాలి.

ఇక రాత్రిగస్తీ గారూ, మీ బావగారి విషయంలో గుండెపోటు చర్చ కంటే ముందు తేలాల్సింది పేస్‌మేకర్. గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగినప్పుడు వేగస్ నరం గుండెకు బ్రేక్ వేస్తుంది, అందుకే ఆ విరామాలు. మెలకువ రాగానే అదే గుండె పరుగెత్తుతుంది. చాలామందిలో సీప్యాప్‌తో ఈ విరామాలు పోతాయి. 2018 నాటి అమెరికా మార్గదర్శకాల ప్రకారం నిద్రలో మాత్రమే గుండె నెమ్మదిస్తుంటే ముందు స్లీప్ ఆప్నియా ఉందేమో చూడాలి, ఉంటే దానికి చికిత్స చేయాలి. వేరే కారణం లేకుండా పేస్‌మేకర్ పెట్టకూడదు.

పగలు పడిపోవడం వేరే ప్రశ్న, రెండూ ముడిపెట్టకండి. నిలబడి, చెమటలు పట్టి, చీకట్లు కమ్మి పడిపోతే చాలాసార్లు అది మామూలుగా సొమ్మసిల్లడమే. అయినా ఈసీజీ, ఎకో చేయించారా? పడుకుని ఉండగానో, పరుగెత్తుతుండగానో, ఏ సూచనా లేకుండానో పడిపోతే మాత్రం ఇక్కడ ప్రశ్నలు అడుగుతూ కూర్చోవద్దు.

వానచినుకు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నగారికి హార్ట్ ఫెయిల్యూర్, నిద్రలో ఊపిరి ఆగుతుంది కానీ గురక లేదు. ఆయనకూ ఇదే మిషనా?

స్టెతస్కోపు:
అమ్మా, అది వేరే రకం కావచ్చు. గొంతు తెరిచే ఉండి, ఊపిరి పీల్చమని మెదడు ఆజ్ఞ ఇవ్వకపోవడం. దానికోసం ఏఎస్‌వీ అనే మరో మిషన్ ఉంది. కానీ 2015లో వచ్చిన సర్వ్-హెచ్‌ఎఫ్ పరిశోధనలో, గుండె పంపింగ్ బాగా తగ్గినవారిలో అది వాడితే గుండె జబ్బు మరణాలు పెరిగాయి. అంతవరకూ మేలు చేస్తుందనే అందరూ అనుకున్నారు. గుండె డాక్టరును అడక్కుండా ఏ మిషనూ పెట్టకండి.

రాత్రిగస్తీ:
ఈసీజీ, ఎకో అయ్యాయి, బాగున్నాయన్నారు. ఆక్సిజన్ లైను ఇవాళే వెతుకుతాను. కానీ మిషన్ కార్డులో చూస్తే వాడకం రాత్రికి రెండున్నర గంటలే చూపిస్తోంది. ముక్కు ఎండిపోతోందంటారు. నిద్రలో తనకే తెలియకుండా మాస్క్ పీకేస్తున్నారు. అక్క కోప్పడితే ఇంకా మొండికేస్తున్నారు.

మాస్క్‌వీరుడు:
కోప్పడితే జరిగే పని కాదండి. మిషన్‌కు హ్యూమిడిఫైయర్ (గాలికి తేమ కలిపేది) ఉంటే పెంచండి. నోరు తెరుచుకుని పడుకుంటున్నారేమో చూడండి, అలాగైతే ముక్కుకు మాత్రమే పెట్టే మాస్క్ ఆయనకు సరిపడదు. గాలి కంటి వైపు కొడుతుంటే సైజు తప్పు. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకోమనండి, ఒంటికి అలవాటవుతుంది. నాకు కుదిరింది అలాగే.

లెక్కలపురుగు:
గుండెపోటు హామీ మీద నా అభ్యంతరం అలాగే ఉంది. కానీ ఈయన విషయంలో పదేళ్ళు ఆగక్కర్లేని పరీక్ష ఒకటుంది. మాస్క్ రాత్రంతా నిలిచాక డాక్టరును అడిగి మళ్ళీ హోల్టర్ పెట్టించండి, మాస్క్‌తోనే పడుకోమనండి. ఆ నాలుగు సెకన్ల విరామాలు పోయాయో లేదో కాగితం మీదే కనబడుతుంది. రెండున్నర గంటల వాడకంతో మాత్రం పెట్టించకండి, ఫలితం ఎటు వచ్చినా మళ్ళీ ఇదే గొడవ పడతాం.