అప్‌డేట్: సాగర్లలో కాల్చినా గ్లేజు మీద రవ్వలు, కారణం దొరికింది

కట్టెల బట్టీలో సాగర్లలో (మంట, బూడిద తగలకుండా పాత్రలను లోపల ఉంచి కాల్చే మట్టి పెట్టెలు) పెట్టి కాల్చినా తెల్ల గిన్నెల లోపల గ్లేజు (గాజులాంటి మెరుపు పూత) మీద గోధుమరంగు రవ్వలు అంటుకుంటున్నాయని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అవి బూడిద కావు, పై సాగర్ అడుగు నుంచి రాలిన గ్రాగ్ (సాగర్ మట్టిలో కలిపే, కాల్చి నూరిన మట్టి రవ్వ). దొంతరలో పైదాని అడుగే కిందిదానికి మూత. అక్కడ వేలితో రుద్దితే పొడి చేతికొచ్చింది. అడుగును రాయితో అరగదీసి, తడిగుడ్డతో తుడిచి, అల్యూమినా హైడ్రేట్ (వేడికి కరగని తెల్ల పొడి), కేయోలిన్ (తెల్ల బంకమన్ను) సమపాళ్లలో నీళ్లతో పాలంత పల్చగా కలిపి ఒక్క పూత వేయమన్న సలహాతోనే సమస్య తీరింది. మందంగా పూస్తే ఆ పూతే పెచ్చులై గిన్నెలో పడుతుంది, జాగ్రత్త. పేర్చేటప్పుడు పై సాగర్‌ను జరపకుండా నిలువుగా దించాలి. సందు మూయడానికి అంచు మీద పెట్టే ఫైర్‌క్లే (వేడిని తట్టుకునే మట్టి) వత్తి లోపలికి పొంగకూడదు.

గ్లేజును మళ్లీ జల్లెడ పట్టినా, మంట నిదానించినా తేడా రాలేదు.